పుర్రెకో గీత

పోయిన ఎండాకాలంలో మా అక్క కొడుక్కి సాంచా మీద దెబ్బ తగిలింది. ధోటా దారి తప్పి ఎగిరొచ్చి సరిగ్గా రెండు కనుబొమల నడుమ కొట్టింది. మన ఇళ్లల్లో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పాత సాంచాలు నడిచే ప్రతి కార్ఖానాలోనూ ధోటా దెబ్బ తిన్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. చర్మం చీలింది, నెత్తురు కారింది, నాలుగు కుట్లు పడ్డాయి. పిల్లవాడు స్పృహ తప్పలేదు, వాంతి చేసుకోలేదు. దగ్గర్లో ఉన్న చిన్న దవాఖానాలో ఎక్స్‌రే తీశారు. అది చూసిన ఆయన, నుదురు నిలువునా పగిలిందని చెప్పేశాడు.

ఆ రాత్రి అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. "తమ్మీ, పిలగాని నెత్తి పలిగిందట. ముక్కు కాడికెల్లి మాడు దాకా గీత కనబడ్తుందట."

ఆరు వారాలు పనికి పోవద్దన్నారు. బరువు ఎత్తొద్దు, వంగొద్దు, బస్సులో తిరగొద్దు. చేసిన పనిని బట్టి పగారు తీసుకునేవాడికి ఆరు వారాలంటే చిన్న మాట కాదు. వాడు పనిచేసే చోట ఈఎస్‌ఐ కార్డు లేదు. అక్క చెవి కమ్మలు కుదువకు పోయాయి. అదే సమయంలో వాడికి కామారెడ్డి వైపు నుంచి ఒక సంబంధం నడుస్తోంది. "నెత్తి పలిగిన పిలగానికి పిల్లనెట్లిస్తం" అని వాళ్లు వెనక్కి తగ్గారు.

నెల గడిచాక వాడికి తలనొప్పీ లేదు, ఏమీ లేదు. అయినా భయం పోక, పెద్ద దవాఖానాకు తీసుకుపోయి సీటీ స్కాన్ తీయించాం. అక్కడి డాక్టరమ్మ తెరమీద పుర్రెను అటూ ఇటూ తిప్పి చూపించింది. "ఇది పగులు కాదు. ఇతను పుట్టినప్పటినుంచీ ఈ గీత ఉంది. నుదుటి అతుకు మూసుకోకుండా మిగిలిపోయింది, అంతే. దెబ్బ తగలకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేదే కాదు" అన్నది.

బయటికొచ్చాక మేనల్లుడు నన్నొక ప్రశ్న అడిగాడు. "మామా, అందరికీ లేని గీత నాకెందుకున్నది?" నాకప్పుడు జవాబు తెలీదు. తర్వాత డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇది నుదుటి గీతతోనే ఆగే కథ కాదు. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు దీన్ని తప్పకుండా చదవాలి.

తల ఒక్క ఎముక కాదు

పుర్రె అనగానే కుండలాగా ఒకే చిప్ప అనుకుంటాం. చెవి లోపలి బుల్లి ఎముకలను పక్కనపెడితే పెద్దవాళ్ల తలలో, ముఖంలో కలిపి 22 ఎముకలుంటాయి. వాటిలో 8 మెదడు చుట్టూ డబ్బాలాగా అమరుతాయి. మిగిలిన 14 ముఖానివి. కింది దవడ ఒక్కటే కదులుతుంది. తక్కినవన్నీ ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. ఆ బిగిసిన చోట్లనే అతుకులంటారు. ఇంగ్లీషు డాక్టర్లు సూచర్ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు అర్థం కుట్టు. దర్జీ వేసే కుట్టే.

మన ప్రాచీనులూ దీన్ని చూశారు. సుశ్రుత సంహిత తలలోని ఐదు కీళ్లకు సీమంతాలని పేరు పెట్టి, వాటిని మర్మస్థానాల్లో లెక్క కట్టింది. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని హెచ్చరించింది. సీమంతమంటే పాపిట. కడుపుతో ఉన్న ఆడపిల్లకు పాపిట తీసి చేసే వేడుకకు కూడా అందుకే ఆ పేరు. చిత్రమేమిటంటే, తలమీది పొడుగాటి అతుకు నిజంగానే పాపిట కిందే ఉంటుంది. కుడి పక్క ఎముకనూ ఎడమ పక్క ఎముకనూ కలుపుతూ ముందునుంచి వెనక్కి పోతుంది. దానికి అడ్డంగా, ఆడపిల్లలు హెయిర్‌బ్యాండు పెట్టుకునే చోట ఒక అతుకు చెవివైపు నుంచి చెవివైపుకు దిగుతుంది. వెనకాల జడ మొదలయ్యే చోట మూడోది, ఇంటికప్పులాగా రెండు వైపులకూ వాలి ఉంటుంది. ఇవి కాక చెవుల పైన విల్లులాగా వంగినవి చెరొకటి.

ఈ అతుకులు గీత గీసినట్టు తిన్నగా ఉండవు. రంపం పళ్లలాగా, నది మెలికల్లాగా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. మధ్యలో సన్నటి నారపొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ అదురును కొంత అది పీల్చుకుంటుంది. చిన్నతనంలో దీనికి ఇంకో పెద్ద పని ఉంది. మెదడు పెరిగేకొద్దీ ఈ అతుకుల దగ్గరే కొత్త ఎముక పుడుతుంది, పుర్రె పెద్దదవుతుంది. పిల్లవాడు పెరుగుతాడని గౌనుకు లోపలివైపు గుడ్డ వదిలి కుడతాం కదా, ఆ మాదిరి.

ఈ మెలికలు ఏ ఇద్దరివీ ఒక్కతీరుగా ఉండవు. ఒకే తలలో కుడివైపు, ఎడమవైపు కూడా సరిగ్గా ఒకేలా ఉండవు. పుర్రెకో బుద్ధి అన్న మన పెద్దలు పుర్రెకో గీత అన్నా తప్పయ్యేది కాదు. బ్రహ్మ రాసిన రాత పుర్రె మీద ఉంటుందని ఊళ్లలో చెప్పుకోవడం వెనకా ఈ మెలికలే ఉండి ఉంటాయి. ఇక్కడ మరాఠీవాళ్లు ఐదో రాత్రో ఆరో రాత్రో సటవాయి వచ్చి రాసిపోతుందంటారు. కాటి దగ్గర ఎండిన పుర్రెను చూసినవాళ్లకు ఆ గీతలు తెలియని లిపిలో రాసిన అక్షరాల్లాగే కనబడతాయి మరి.

పెద్ద వైద్యుడే పొరబడ్డాడు

మా మేనల్లుడి ఎక్స్‌రే చూసినాయన మీద నాకు మొదట చాలా కోపం వచ్చింది. తర్వాత గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ సంగతి తెలిసి కొంచెం చల్లబడ్డాను. సుమారు 2,400 ఏళ్ల కిందటి మనిషి. తలకు తగిలే దెబ్బల మీద ఆయన పేరున ఒక గ్రంథమే ఉంది. ఏ తలలో అతుకులు ఏ ఆకారంలో ఉంటాయో, మనిషికీ మనిషికీ ఎలా మారతాయో అందులో మొదట్లోనే చెబుతాడు. ఆయన పేరున ఉన్న ఇంకో పుస్తకంలో ఒక రోగి ముచ్చట ఉంది. తలకు రాయి తగిలింది. దెబ్బ సరిగ్గా అతుకు మీద పడింది. పగులు ఆ అతుకులోనే కలిసిపోయింది. వైద్యుడు అది మామూలు అతుకే అనుకుని ఎముకకు రంధ్రం చేయలేదు. రోగి పదహారో రోజున చనిపోయాడు. అతుకులు నన్ను మోసం చేశాయి అని వైద్యుడు దాచకుండా రాసుకున్నాడు. తర్వాత రోమ్ నగరంలో సెల్సస్ అనే రచయిత, తన తప్పును ఇలా ఒప్పుకోవడం గొప్పవాళ్లకే చెల్లుతుందని మెచ్చుకున్నాడు.

అక్కడ పగులును అతుకనుకున్నారు. ఇక్కడ అతుకును పగులనుకున్నారు. రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. అక్కడ ప్రాణం పోయింది, ఇక్కడ కమ్మలు కుదువకు పోయాయి, సంబంధం పోయింది.

తేడా పట్టడానికి డాక్టర్లు చూసే గుర్తులు కొన్ని ఉన్నాయి. అతుకు గీత మెలికలు తిరిగి ఉంటుంది, అంచులు కొంచెం గట్టిపడి తెల్లగా కనబడతాయి, ఉండాల్సిన చోటే ఉంటుంది. పగులు ఎక్కువగా తిన్నగా, పదునుగా, నల్లటి గీతలా ఉంటుంది. దెబ్బ తగిలిన చోటునుంచి మొదలై అతుకులను దాటుకుని కూడా పోతుంది. మామూలు ఎక్స్‌రేలో తల ముందుభాగం, వెనకభాగం ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి గందరగోళం సహజం. అలాంటప్పుడు సీటీ స్కాన్ అక్కరకొస్తుంది. అనుమానం ఉంటే "ఇది అతుకు అయ్యే అవకాశం ఉందా సారూ" అని అడగడంలో తప్పేమీ లేదు. చిన్నపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్ల పుర్రెలో పెద్దవాళ్లలో ఉండని అదనపు అతుకులు కొన్ని కొంతకాలం ఉంటాయి. అవి కూడా పగుళ్లలాగే కనబడతాయి.

ఎన్ని తలలో అన్ని రకాలు

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్నకు వస్తాను. నుదురు మనందరికీ పుట్టినప్పుడు రెండు ఎముకలే. మధ్యలో ముక్కు మొదలునుంచి మాడుదాకా నిలువు అతుకు ఉంటుంది. చాలామంది పిల్లల్లో అది మొదటి ఏడాదిలోనే ముక్కువైపు నుంచి మూసుకోవడం మొదలై, రెండేళ్లు దాటేసరికి ఆనవాలు లేకుండా పోతుంది. కొందరిలో మూసుకోదు, జన్మంతా ఉండిపోతుంది. వందలో ఒకరిద్దరి నుంచి పదిమంది దాకా, ప్రాంతాన్నీ జనాన్నీ బట్టి ఈ లెక్క మారుతుంది. నొప్పి ఉండదు, బలం తగ్గదు, తెలివికీ దానికీ సంబంధం లేదు. కార్ఖానాలో 200 మంది ఉంటే అందులో నలుగురైదుగురికి ఈ గీత ఉండొచ్చు, వాళ్లకే తెలీదు.

ఇంకో రకం, అతుకుల మధ్యలో చిన్న చిన్న ఎముక ముక్కలు. గోడకట్టేటప్పుడు పెద్ద రాళ్ల సందుల్లో గులకరాళ్లు పెట్టినట్టుంటాయి. ఎక్కువగా వెనకవైపు అతుకులో కనబడతాయి. డెన్మార్క్ వైద్యుడు ఓలే వోర్మ్ పేరున వీటిని వోర్మియన్ ఎముకలంటారు. ఆయన కాలం 1588 నుంచి 1654. ఒకటో రెండో ఉంటే పట్టించుకోనక్కరలేదు, చాలామందికి ఉంటాయి. పదికి మించి ఉంటే మాత్రం డాక్టర్లు ఒకసారి ఆలోచిస్తారు. ఎముకలు పుటుక్కున విరిగే జబ్బులో, థైరాయిడ్ లోపంలో ఇవి ఎక్కువగా కనబడతాయి.

తల వెనక భాగంలో కొందరికి ఒక పెద్ద మూడుమూలల ఎముక విడిగా ఉంటుంది. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు పాత పుర్రెల్లో దాన్ని ఎక్కువగా చూసి, అక్కడి ఇంకా రాజుల పేరున ఇంకా ఎముక అన్నారు. మన భాషలో ఇంకా అంటే మరికొంత కదా, ఇదీ మరికొంత ఎముకే. ఇప్పుడు తెలిసిందేమిటంటే అది ప్రపంచమంతటా ఉంది, మన దేశంలోనూ ఉంది.

వయసు పెరిగేకొద్దీ అతుకులు లోపలివైపు నుంచి మెల్లగా కలిసిపోతాయి. పాపిట అతుకు చాలామందిలో 30 ఏళ్ల అటూఇటూగా మొదలుపెడుతుంది. అందుకని దొరికిన పుర్రెను చూసి వయసు చెప్పవచ్చని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. 1924, 25లలో టాడ్, లయన్ అనే ఇద్దరు దీనికి పట్టికలు కూడా తయారుచేశారు. కానీ 80 ఏళ్ల ముసలివాళ్లలో తెరిచే ఉన్న అతుకులున్నాయి, 40 కూడా నిండనివాళ్లలో పూర్తిగా కలిసిపోయినవున్నాయి. అందువల్ల అతుకొక్కటే చూసి వయసు ఖాయంగా చెప్పే పద్ధతి ఇప్పుడు నిలబడదు.

ఈ తేడాలను పట్టుకుని మనుషులకు ఎక్కువతక్కువలు కట్టినవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్సులో గ్రాసియోలే అనే పండితుడు 1850ల్లో, నల్లజాతివాళ్ల అతుకులు తొందరగా మూసుకుంటాయి, అందుకే వాళ్ల మెదడు పెరగదు అని చెప్పాడు. తెల్లవాళ్ల నుదుటి గీత మిగిలిపోతే మాత్రం పెద్ద మెదడుకు గుర్తని రాసినవాళ్లున్నారు. ఒకరికి గీత ఉంటే గొప్ప, ఒకరికి లేకపోతే తక్కువ! మన దగ్గర మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కొలపట్టీలూ పరికరాలూ వేసుకుని దక్షిణాదిలో కులాలవారీగా తలలూ ముక్కులూ కొలుచుకుంటూ తిరిగాడు. 1909లో అచ్చయిన ఆయన సంపుటాల్లో మన సాలెవాళ్ల గురించీ ఉంది. ఆచారాల సంగతులు కొన్ని పనికొస్తాయి. కొలతలు మాత్రం ఎవరికీ ఏ మేలూ చేయలేదు. తల కొలవడం వల్ల నిజంగా మేలు జరిగే చోటు ఒకటుంది. అది చంటిపిల్ల తల.

మాడు, కుంకుడుకాయంత భయం

పుట్టిన బిడ్డ తలలో ఎముకలు కలిసే మూలల్లో ఎముక లేని మెత్తటి చోట్లు ఆరు ఉంటాయి. మన చేతికి తెలిసేవి రెండు. ముందున్న పెద్దదే మాడు. అది నాలుగు మూలలతో గాలిపటంలా ఉంటుంది. చాలామంది పిల్లలకు ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య పూడుతుంది. కొందరికి అంతకుముందే, కొందరికి రెండేళ్లకు. వెనకనున్న చిన్నది రెండు మూడు నెలల్లో మూసుకుంటుంది. కాన్పప్పుడు ఎముకలు ఒకదానిమీదికి ఒకటి జరిగి తల సన్నబడి బయటికి రావడానికే దేవుడు ఈ ఏర్పాటు చేశాడని మా అమ్మ అనేది. డాక్టర్లూ అదే చెబుతారు, దేవుడి మాట తప్ప.

మాడు టకటక కొట్టుకోవడం సహజం, భయపడొద్దు. కానీ విరేచనాలవుతున్న బిడ్డకు మాడు గుంటపడితే ఒంట్లో నీళ్లు తగ్గాయన్నమాట. ఓఆర్‌ఎస్ పడుతూ దవాఖానాకు పోవాలి. బిడ్డ ఏడవకుండా నిటారుగా ఎత్తుకున్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిర్రుగా ఉంటే, జ్వరమూ ఉంటే, ఆ రాత్రే పోవాలి, తెల్లారనివ్వొద్దు. రెండేళ్లు దాటినా పూడకపోతే చూపించాలి. మాడుకు ఆముదం అద్దితే నష్టం లేదు గానీ కాగిన నూనె వద్దు, గట్టిగా నొక్కడం వద్దు.

అసలు సంగతి ఇది. మా చాళీలోనే కొన్నేళ్ల కింద ఒక మగపిల్లవాడు పుట్టాడు. తల ముందుకూ వెనక్కూ పొడుగ్గా, పక్కలకు ఇరుకుగా పడవలా ఉండేది. నడినెత్తి మీద ముందునుంచి వెనక్కి ఒక గట్టు తగిలేది. నాయనమ్మ బీడీలు చుట్టడం ఆపి మరీ రోజూ రెండు పూటలా నూనె పెట్టి పక్కలనుంచి ఒత్తేది, "మా ఇంట్ల అందరివి పొడుగు తలకాయలే" అనేది. సూది మందుకు పోయినప్పుడు అక్కడివాళ్లూ పెరిగితే సర్దుకుంటుందన్నారు. తల్లి మనసు మాత్రం ఒప్పుకోలేదు. కానీ కొత్త కోడలు, ఎవరితో చెప్పగలదు? పధ్నాలుగో నెలలో వేరే జ్వరానికి తీసుకుపోతే పిల్లల డాక్టరు తల పట్టుకుని చూసి, ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదని అడిగాడు. పాపిట అతుకు కడుపులో ఉండగానే మూసుకుపోయింది.

దీన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. పేరు నోరు తిరగదు, రాసిపెట్టుకోండి. 2,000 నుంచి 2,500 కాన్పుల్లో ఒకరికి ఇది ఉంటుంది. సగం దాకా కేసుల్లో మూసుకునేది పాపిట అతుకే. అందులోనూ మగపిల్లలు ఎక్కువ. ఒక అతుకు ముందే మూసుకుంటే దానికి అడ్డంగా పెరగాల్సిన పెరుగుదల ఆగిపోతుంది. మెదడు మాత్రం ఆగదు. దారి దొరికిన వైపుకు తోసుకుంటుంది. పాపిట అతుకు మూసుకుంటే తల వెడల్పు కాలేక పొడుగవుతుంది. నుదుటి అతుకు తొందరపడితే నుదురు పడవ ముక్కులాగా మూడుమూలలవుతుంది. హెయిర్‌బ్యాండు అతుకు ఒకవైపే మూసుకుంటే ఆ పక్క నుదురు చప్పబడి కన్ను పైకి లాగినట్టవుతుంది.

ఈ లెక్కను 1851లో చెప్పినవాడు జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో. ఆయన గురించి మన పత్రికలో ఒక్క మాట చెప్పకుండా పోలేను. అంతకు మూడేళ్ల ముందు, 1848లో, సైలీషియా అనే చోట విషజ్వరాలొస్తే సర్కారు ఆయన్ను విచారణకు పంపింది. మందులు రాసిస్తాడనుకున్నారు. ఆయన తిరిగొచ్చి, అక్కడి జనానికి జబ్బు పేదరికమే, చదువూ కూలీ స్వేచ్ఛా ఇవ్వండి అని నివేదిక రాశాడు. తర్వాత కొద్దికాలానికే ఆయన ఉద్యోగానికి ఎసరొచ్చింది.

మేనల్లుడి గీత, ఈ పిల్లవాడి గట్టు, రెండూ అతుకుల్లో తేడాలే. ఒకటి మూసుకోకుండా ఉండిపోయింది, ఇంకోటి గడువుకు ముందే మూసుకుంది. మొదటిదానికి ఏ చికిత్సా అక్కరలేదు. రెండోదానికి గడువుంది. మొదటి మూడు నాలుగు నెలల్లో పట్టుకుంటే చిన్న కోతతో, దుర్బీనులాంటి పరికరంతో చేసి తర్వాత కొన్నాళ్లు తలకు టోపీ తొడిగే పద్ధతి ఉంది. అది దాటితే సాధారణంగా ఏడాది లోపలే పెద్ద ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైనకొద్దీ ఎముక మందమవుతుంది, కోత పెరుగుతుంది, నెత్తురు ఎక్కువ ఎక్కించాలి. కొందరు పిల్లల్లో తల లోపల ఒత్తిడి పెరిగి చూపుకు ముప్పు వస్తుంది. ఒత్తడం వల్ల, నూనె వల్ల మూసుకున్న అతుకు తెరుచుకోదు. మా చాళీ పిల్లవాడికి పెద్ద ఆపరేషనే చేయాల్సొచ్చింది. ఇప్పుడు బాలవాడికి పోతున్నాడు, చెవినుంచి చెవిదాకా మచ్చ జుట్టులో కలిసిపోయింది. వాళ్లమ్మ ఇప్పటికీ ఆ పద్నాలుగు నెలలు తలచుకుని బాధపడుతుంది. తప్పు ఆమెది కాదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

వంకర తల కనబడగానే ఇదే జబ్బని హడలిపోవద్దు. చాలామంది పిల్లలకు ఒకే పక్కకు తిప్పి పడుకోబెట్టడం వల్ల తల వెనక ఒకవైపు చప్పబడుతుంది. అప్పుడు ఆ పక్క చెవి కొంచెం ముందుకు జరిగినట్టుంటుంది, అతుకు మీద గట్టు తగలదు. మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లముందు బోర్లా పడుకోబెడుతుంటే, తల తిప్పే వైపు మారుస్తుంటే అది చాలావరకు సర్దుకుంటుంది. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలానే. ఆవాల దిండు మన ఆచారమే గానీ, ఏడాదిలోపు బిడ్డకు ఏ దిండూ వద్దని పిల్లల డాక్టర్లంటున్నారు, ఊపిరాడక పోయే ప్రమాదం ఉంది.

మన ఇళ్లల్లో టేపు లేని ఇల్లు ఉండదు. కనుబొమల పైనుంచి, వెనక ఎత్తుగా ఉన్న చోటు మీదుగా నెలకోసారి తల చుట్టుకొలత తీసి రాసుకోండి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు 34, 35 సెంటీమీటర్లుంటుంది. మొదటి మూడు నెలలు నెలకు 2, తర్వాత మూడు నెలలు నెలకు 1, ఆ తర్వాత ఆరు నెలలు నెలకు అర చొప్పున పెరుగుతుంది. ఏడాదికి దాదాపు 46, 47కు వస్తుంది. అంగన్‌వాడీలో బరువు తూచేటప్పుడు తల కూడా కొలవమని అడగండి. తల రూపం వింతగా ఉన్నా, గట్టు తగిలినా, కొలత పెరగడం ఆగినా లేక మరీ జోరుగా పెరిగినా పిల్లల డాక్టరుకు చూపించి, "అతుకులు సరిగ్గా ఉన్నాయా" అని నోరు తెరిచి అడగండి. ఆపరేషన్ అన్నమాట వస్తే ఖర్చుకు బెదిరి ఇంటికి తిరిగి రావద్దు. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని సర్కారు ఆరోగ్య పథకంలో వర్తిస్తుందేమో అక్కడే కౌంటర్లో అడగండి.

కణత దగ్గర జాగ్రత్త

మళ్లీ ధోటా దగ్గరికి. మేనల్లుడికి నుదుటి మధ్య తగిలింది కాబట్టి సరిపోయింది. అదే కణత మీద తగిలి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. కంటికీ చెవికీ మధ్య, కొంచెం పైన, నాలుగు ఎముకలు ఒకేచోట కలుస్తాయి. ఎక్కువమందిలో ఆ అతుకులు అడ్డం పడుకోబెట్టిన నిచ్చెన మెట్టులా కనబడతాయి. కొందరిలో నాలుగూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి, కొందరిలో మధ్యలో విడి ముక్క ఉంటుంది. ఆకారం ఏదైనా అక్కడ ఎముక చాలా పలచన. దాని వెనకే మెదడు పొరకు నెత్తురు తీసుకుపోయే నాళం ఉంటుంది. ఎముక విరిగి ఆ నాళం తెగితే నెత్తురు పుర్రెకూ పొరకూ మధ్య చేరుతుంది.

దీంట్లో మోసం ఏమిటంటే, దెబ్బ తగిలినవాడు కాసేపు మగతగా ఉండి తర్వాత లేచి బాగానే మాట్లాడతాడు. చాయ్ తాగుతాడు. "ఏం కాలేదు" అంటూ మళ్లీ సాంచా దగ్గరికి పోతాడు. గంట తర్వాతో, నాలుగు గంటల తర్వాతో తలనొప్పి పెరుగుతుంది, వాంతులవుతాయి, నిద్రమత్తు కమ్ముతుంది, ఒక కంటిపాప పెద్దదవుతుంది. అప్పుడు నిమిషాల లెక్కే. వెంటనే ఆపరేషన్ జరిగితే మనిషి బతుకుతాడు, మామూలుగా పనిలోకొస్తాడు. పడుకుంటే తగ్గుతుందని వదిలేస్తే తెల్లారి లేవడు. కణతకు గట్టి దెబ్బ తగిలినవాణ్ని ఒంటరిగా ఇంటికి పంపొద్దు, ఆ రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. రాత్రి పాళీలో ఇది మరీ ముఖ్యం. ధోటా ఎగరకుండా సాంచాకు గార్డు ఉండాలని మాలికులను అడగడం కూడా మన హక్కే. కదిలి ఊగిపోతున్న గార్డు ఉన్నా లేనట్టే.

మేనల్లుడు ఇప్పుడు మళ్లీ పనిలో ఉన్నాడు. పాత సంబంధంవాళ్లకు సీటీ స్కాన్ రిపోర్టు పంపించాం గానీ వాళ్లు అప్పటికే వేరే చోట ఖాయం చేసుకున్నారు. రిపోర్టు జిరాక్సును అక్క ప్లాస్టిక్ కవర్లో పెట్టి వాడి ఆధార్ కార్డుతో కలిపి ఉంచింది. నుదుటి అతుకు పుట్టుకతోనే ఉంది, పగులు కాదు అని దానిమీద డాక్టరమ్మతో పెన్నుతో రాయించుకుంది. రేపు ఎప్పుడైనా ఎవరైనా వాడి తలకు ఎక్స్‌రే తీస్తే ముందు ఆ కాగితం చూపించాలి. కొత్తగా చూడ్డానికి వచ్చిన పిల్ల తరఫువాళ్లకూ అక్క దాన్ని తనే తీసి చూపించింది. వాళ్లలో పెద్దాయన ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసి, తన నుదురు ఒకసారి తడుముకుని, "నాకున్నదో లేదో ఎట్ల తెలుస్తది" అని అడిగాడట.